నల్లజాతి వీడియో సృష్టికర్తల్లో ఎవరిని అనుసరించాలి, ఎలా చూడాలి?

నల్లగొండ, పాలమూరు పట్టణాల్లో ఇంటరో డిగ్రీయో చదువుతున్నవారు రోజూ చూసే వీడియోల్లో ఆఫ్రికా మూలాలున్నవారు చేసినవి చాలానే ఉంటాయి. అయితే అవి చేసినవారు ఎవరో, ఏ దేశంవారో గమనించేలోపే వేలు తెరను పైకి తోసేస్తుంది. వారిలో ఎవరిని పనిగట్టుకొని చూడాలో తేల్చుకోవాలంటే పొడవాటి జాబితాలు వెతకనక్కరలేదు. మీకు ఇప్పటికే అక్కర ఉన్న విషయాన్ని ముందు పెట్టుకొని, ఆ విషయంలో ఆరితేరినవారిని ఎంచుకుంటే చాలు.

కొత్త ఫోను కొనదలచినవారు, ఫోన్లను వాడి చూసి మంచిచెడులు చెప్పే మార్కస్ బ్రౌన్లీ నడిపే ఎంకేబీహెచ్‌డీ ఛానల్‌తో మొదలుపెట్టవచ్చు. అమెరికాలోని న్యూజెర్సీకి చెందిన ఈయన 2009లో, హైస్కూల్లో ఉండగానే వీడియోలు పెట్టడం ప్రారంభించారు. తొలి వంద వీడియోలు పూర్తయ్యేనాటికి సబ్‌స్క్రైబర్లు వందమంది కూడా లేరు, ఇప్పుడు కోటికి పైనే. ఆయన మాట్లాడేది అమెరికాలో అమ్మే మోడల్ గురించి కాబట్టి, అదే పేరుతో ఇక్కడికి వచ్చే ఫోనులో ప్రాసెసర్ వేరుగా ఉండవచ్చు. కెమెరా, తెర గురించి ఆయన అంచనాను తీసుకొని, ధర, సర్వీసు సంగతి తెలుగు ఛానళ్లలో సరిచూసుకోవడం మేలు.

అందరికన్నా ఎక్కువ ఉపయోగపడేవారు, నా దృష్టిలో, మేకప్ గురించి చెప్పే నల్లజాతి మహిళలే. మన పెళ్లి ఫొటోల్లో చామనఛాయ పెళ్లికూతురి ముఖం ఒక రంగులో, మెడా చేతులూ మరో రంగులో కనిపించడం కొత్తేమీ కాదు. దక్షిణ సూడాన్ మూలాలున్న నైమా టాంగ్ ‘ది డార్కెస్ట్ షేడ్’ అనే వరుసలో ఒక్కో కంపెనీ అమ్మే ఫౌండేషన్‌లో (చర్మపు రంగుకు కలిసేలా ముఖానికి రాసే పూతలో) అత్యంత ముదురు షేడ్‌ను తన ముఖానికే రాసుకొని, అది చర్మంలో కలుస్తుందో, బూడిద పూసినట్టు తేలిపోతుందో చూపిస్తారు. నైజీరియా మూలాలున్న జాకీ ఐనా కంపెనీలను నిలదీయడంతో ఆగక, 2018లో టూ ఫేస్డ్ అనే మేకప్ సంస్థతో కలిసి ముదురు షేడ్ల సంఖ్య పెంచే పనిలో పాలుపంచుకున్నారు. వారు వాడే డబ్బాలు మన ఊళ్ల ఫ్యాన్సీ స్టోర్లలో దొరకకపోవచ్చు గనుక పేర్లు రాసుకోవడంకన్నా పద్ధతి నేర్చుకోవడం ముఖ్యం. ఫౌండేషన్‌ను చేతి మీద కాకుండా దవడ అంచున, మెడ వైపుకు చిన్న గీతగా రాసి, దుకాణంలోని ట్యూబులైటు కింద కాకుండా బయటి వెలుతురులో, కాసేపు ఆరనిచ్చాక అద్దంలో చూడాలి. గీత కనిపించకుండా పోతే అది మీ షేడ్.

ఆఫ్రికా అంటే అడవులూ ఆకలే అనుకునేవారికి ఘనాకు చెందిన వోడే మాయా వీడియోలు పనికొస్తాయి. చైనాలో ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివిన ఈయన ఆఫ్రికా దేశాలు తిరుగుతూ అక్కడి నగరాలను, వ్యాపారాలు నిలబెట్టినవారిని చూపిస్తారు. ఆ ఖండంతో మనకు పాత సంబంధమే ఉంది: 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానం పోషించిన, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల దళమే తరువాత నిజాం కొలువులోకి వెళ్లింది.

నవ్వుకోవడానికైతే సెనెగల్‌లో పుట్టి ఇటలీలో పెరిగిన ఖాబీ లామె ఉండనే ఉన్నారు. 2020లో ఫ్యాక్టరీ ఉద్యోగం పోయాక, ఒక్క మాటా మాట్లాడకుండా చేసిన వీడియోలతో 2022 జూన్ నాటికి టిక్‌టాక్‌లో అందరికన్నా ఎక్కువమంది అనుసరించే వ్యక్తి అయ్యారు. మన దేశంలో టిక్‌టాక్ 2020 నుంచి నిషేధంలో ఉంది కాబట్టి ఆయనను ఇన్‌స్టాగ్రామ్‌లో చూడాలి. మై విలేజ్ షో నచ్చినవారికి నైజీరియాలోని మార్క్ ఏంజెల్ కామెడీ కూడా నచ్చుతుంది. అయితే వారి పిడ్జిన్ ఇంగ్లిషును (స్థానిక భాషలతో కలగలిసిన ఇంగ్లిషును) ఆటోమేటిక్ సబ్‌టైటిల్స్ సరిగా పట్టుకోలేవు, అందుచేత వేగాన్ని 0.75కు తగ్గించి వినాలి. మిగతావారి వీడియోలకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే చాలు. యంత్రం చేసే తెలుగు అనువాదం చాలాచోట్ల తికమక పెడుతుంది.

డాన్స్ రీల్స్ చేసేవారు ఒక పని అదనంగా చేయాలి. 2019లో ‘రెనగేడ్’ నృత్యాన్ని కూర్చింది అమెరికాలోని జార్జియా రాష్ట్రానికి చెందిన జలాయా హార్మన్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి బాలిక. ఆమె పేరు చెప్పకుండా దాన్ని ఆడిన ఇతరులకు కీర్తి దక్కింది, అసలు కర్త ఎవరో 2020 ఫిబ్రవరికి గానీ లోకానికి తెలియలేదు. ఇటువంటివి పదేపదే జరగడంతో 2021లో పలువురు నల్లజాతి కళాకారులు ఒక కొత్త పాటకు నృత్యం కూర్చకుండా నిరసన తెలిపారు. కాబట్టి కాలేజీ ఫ్రెషర్స్ డే కోసం స్టెప్పులు ఎత్తుకునే ముందు, రీల్ కింద రాసిన ‘డాన్స్ క్రెడిట్’ చూడండి, లేకపోతే ఆ ఆడియో పేరు మీద నొక్కి పాత వీడియోలను వెతకండి, కామెంట్లలో మొదట చేసినవారిని ఎవరైనా ట్యాగ్ చేశారేమో గమనించండి. దొరికిన ఖాతాను అనుసరించి, మీ రీల్‌లో వారి పేరు రాయండి.