ఇంటి థియేటర్‌లో మాటల స్పష్టత – నాలుగవ పాఠం: సెంటర్ స్పీకర్‌కు వేరే ఆంప్లిఫయర్

గత పాఠంలో సెంటర్ స్పీకర్‌ను (టీవీ కింద ఉండి, ఎక్కువగా మాటలు పలికే నడిమి స్పీకర్) టీవీ స్టాండు అంచు దాకా జరిపి, దాని ముఖాన్ని కూర్చున్నవారి చెవుల వైపు తిప్పడం, ఆ తరువాత గదిలోని ప్రతిధ్వనిని తగ్గించడం నేర్చుకున్నాము. నల్లగొండ, పాలమూరు వైపు ఇళ్లలో హాలంటే కింద షాబాదు బండలో టైల్సో, పైన సిమెంటు స్లాబు, చుట్టూ నున్నటి గోడలు ఉంటాయి గనుక, నేల మీద మందపాటి జంపఖానా పరచి, కిటికీలకు బరువైన పరదాలు వేసిన తరువాతే ఈ పాఠంలోకి రావాలి. ఆ పని చేయకుండా ఆంప్లిఫయర్ (సిగ్నల్ శక్తిని పెంచి స్పీకర్‌ను నడిపే పెట్టె) కొంటే, ప్రతిధ్వనినే మరింత బలంగా వింటారు.

మొదట ఒక పరీక్ష చేయండి. వాన, జనసమ్మర్దం, నేపథ్య సంగీతం వెనుక నుంచి మాటలు వినిపించే సన్నివేశాన్ని ఎంచుకుని, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక వినేంత తక్కువ శబ్దంలో ఒకసారి, పండుగనాడు చుట్టాలతో కూర్చుని చూసేంత ఎక్కువ శబ్దంలో మరొకసారి వినండి. తక్కువలో కూడా మాటలు మసకగానే ఉంటే లోపం గదిలోనో, స్పీకర్‌లోనో, సినిమా మిక్సింగ్‌లోనో ఉంది. దానికి ఆంప్లిఫయర్ మందు కాదు. తక్కువలో తేటగా ఉన్న గొంతు శబ్దం పెంచినప్పుడు గరగరలాడి, 'స', 'శ', 'చ' వంటి అక్షరాలు చీలినట్టు వినిపిస్తే మాత్రం రిసీవర్ (అన్ని స్పీకర్లనూ నడిపే పెట్టె) శక్తి చాలడం లేదని అనుమానించవచ్చు. మాటను మాటగా గుర్తుపట్టించే హల్లుల ధ్వని ఎక్కువగా 2,000 హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది. శక్తి చాలక తరంగం తల తెగినప్పుడు పుట్టే కొత్త ధ్వనులు కూడా అక్కడికే చేరి హల్లులను కప్పేస్తాయి.

రిసీవర్ పెట్టె మీద 80 వాట్లని రాసి ఉన్నా, ఆ అంకె సాధారణంగా రెండు చానళ్లను (ఒక్కో స్పీకర్‌కు వెళ్లే దారి ఒక్కో చానల్) మాత్రమే నడిపి కొలిచినది. ఐదు చానళ్లకూ లోపల ఉన్నది ఒకే విద్యుత్ సరఫరా కాబట్టి, ఒకే ట్యాంకు మీద ఉన్న ఐదు నల్లాలను ఒకేసారి తిప్పితే ధార సన్నబడినట్టు, పోరాట సన్నివేశంలో అన్ని స్పీకర్లూ మోగే వేళ సెంటర్‌కు దక్కేది తగ్గుతుంది.

ఇప్పుడు లెక్క. సెంటర్ స్పీకర్ సెన్సిటివిటీ 87 డెసిబెల్స్ అనుకుందాము. అంటే ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్స్ ధ్వని వస్తుంది. మీరు కూర్చునే చోటు 3 మీటర్ల దూరంలో ఉంటే, ఆరుబయట అయితే దాదాపు 9.5 డెసిబెల్స్ పోయేవి. గది గోడలు కొంత తిప్పి పంపుతాయి కాబట్టి మీ చెవికి సుమారు 80 చేరుతుందని పెట్టుకోండి. శక్తి పదింతలు చేసిన ప్రతిసారీ 10 డెసిబెల్స్ కలుస్తాయి: 10 వాట్లకు 90, 100 వాట్లకు 100. మామూలు సంభాషణ 70 డెసిబెల్స్ దగ్గర ఉంటే దానికి కావలసింది వాట్‌లో పదో వంతే. కేకకో, దిమ్మ అదిరే శబ్దానికో ఒక్క క్షణం 95 అవసరమైతే 32 వాట్లు కావాలి. 105 కావాలంటే 300 వాట్లు దాటుతుంది. పైగా 40 వాట్ల నుంచి 80 వాట్లకు వెళ్లితే పెరిగేది 3 డెసిబెల్సే. కాబట్టి రిసీవర్‌కన్నా కాస్త పెద్దదైన ఆంప్లిఫయర్‌కు డబ్బు పెట్టడంలో అర్థం లేదు. శబ్దం ఎక్కువగా పెట్టి వినే అలవాటు లేనివారికి పెద్దదైనా దండుగే అని నా అభిప్రాయం.

కొనే ముందు ఖర్చు లేని పని ఒకటుంది. రిసీవర్ సెట్టింగ్స్‌లో సెంటర్‌ను 'స్మాల్' అని పెట్టి, క్రాసోవర్‌ను (లోతు ధ్వనులను విడదీసే హద్దును) 80 హెర్ట్జ్‌కు ఉంచితే, ఎక్కువ శక్తిని తినే లోతు ధ్వనులు సబ్‌వూఫర్‌కు వెళ్లిపోయి రిసీవర్ భారం తగ్గుతుంది. దీనితోనే గరగర పోయినవారు ఇక్కడే ఆగవచ్చు.

ఆగనివారు రిసీవర్ వెనుక 'ప్రీ అవుట్' అని రాసిన పిన్ సాకెట్లు (శక్తి పెంచక ముందరి సిగ్నల్‌ను వేరే ఆంప్లిఫయర్‌కు ఇచ్చేవి) ఉన్నాయో లేవో చూడాలి. చాలా చవక రిసీవర్లలో సబ్‌వూఫర్‌కు తప్ప మిగతా చానళ్లకు అవి ఉండవు. లేకపోతే ఈ దారి మూసుకున్నట్టే. ఉంటే, బజారులో సులువుగా దొరికే రెండు చానళ్ల ఆంప్లిఫయర్‌తో ఒక చానల్‌ను సెంటర్‌కు వాడవచ్చు, లేదా రెండింటినీ ముందరి ఎడమ, కుడి స్పీకర్లకు ఇచ్చి, రిసీవర్‌లో మిగిలిన బలాన్ని సెంటర్‌కు వదలవచ్చు. ముందరి స్పీకర్లు 4 ఓములవైతే, అంటే ఎక్కువ కరెంటు లాగేవైతే, నేను రెండో పద్ధతినే ఎంచుకుంటాను.

ఊళ్లో మైక్‌సెట్ దుకాణంలో ఉండే ఆంప్లిఫయర్ తెచ్చుకోవాలని కొందరికి అనిపిస్తుంది. దాని వెనుక 4, 8, 16 ఓముల టెర్మినళ్ల పక్కనే 70, 100 వోల్టుల టెర్మినళ్లు కూడా ఉంటాయి. అవి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న హారన్ల కోసం. ఇంటి స్పీకర్‌ను పొరపాటున అక్కడ తగిలిస్తే కాయిల్ మాడిపోతుంది. స్టేజీ మీద వాడే పెద్ద ఆంప్లిఫయర్లలో ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, నిశ్శబ్ద సన్నివేశంలో ఆ రొదే మొదట వినిపిస్తుంది.

కలిపేటప్పుడు రెండు పెట్టెల ప్లగ్గులూ తీసేయండి. సెంటర్ ప్రీ అవుట్ నుంచి ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌కు పిన్ కేబుల్ వేసి, సెంటర్ వైరును రిసీవర్ నుంచి పూర్తిగా విప్పి ఆంప్లిఫయర్‌కు బిగించండి. వైరు చివర ఒక సెంటీమీటరు మేర తోలు ఒలిచి, రాగి పోగులను గట్టిగా మెలిపెట్టాలి; ఒక్క పోగు బయటికి పొడుచుకుని పక్క టెర్మినల్‌ను తాకినా షార్ట్ అవుతుంది. మన ఎండాకాలాన్ని దృష్టిలో పెట్టుకుని, ఆంప్లిఫయర్‌ను రిసీవర్ నెత్తిన కాక విడిగా, పైన జానెడు ఖాళీ వదిలి పెట్టండి.

తరువాత రిసీవర్‌తో వచ్చిన మైకుతో స్పీకర్ల ధ్వని స్థాయి కొలతలు మళ్లీ తప్పక తీయాలి. ఒక్కో ఆంప్లిఫయర్ సిగ్నల్‌ను ఒక్కో మేరకు పెంచుతుంది. ఈ కొలత అయ్యాక సెంటర్ ధ్వని మునుపటి స్థాయికే వస్తుంది గనుక, ఆంప్లిఫయర్ వల్ల మాటలు మిగతా శబ్దాలకన్నా గట్టిగా మారవు. పెద్ద శబ్దంలో చెడిపోకుండా మాత్రమే ఉంటాయి. గట్టిగా కావాలంటే సెంటర్ లెవెల్‌ను 2 లేదా 3 డెసిబెల్స్ పెంచుకోవాలి. అంతకు మించితే గొంతు తెర నుంచి ఊడివచ్చినట్టు ఉంటుంది.

కలిపిన వెంటనే గుయ్యిమని శబ్దం వస్తే పిన్ కేబుల్ తీసి చూడండి. అప్పుడు ఆగితే అది ఎర్తింగ్ దారులు రెండై పుట్టిన 50 హెర్ట్జ్ హమ్. రెండు ప్లగ్గులనూ ఒకే స్విచ్‌బోర్డుకు మార్చండి. అయినా పోకపోతే కేబుల్ టీవీ వైరును విప్పి పరీక్షించండి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను తీసేయమని ఎవరు సలహా ఇచ్చినా వినకండి. లోపల లీకైన కరెంటుకు ఆ తరువాత మీ చెయ్యే దారి అవుతుంది.

వచ్చే పాఠం సబ్‌వూఫర్ గురించి. దానికి ముందు మీ సెంటర్ స్పీకర్ సెన్సిటివిటీ, మీరు కూర్చునే దూరం కాగితం మీద రాసుకుని, పైన చూపిన లెక్కతో 90, 95, 100 డెసిబెల్స్‌కు ఎన్ని వాట్లు కావాలో కట్టి ఉంచండి.