కొండవంకలో నీళ్లెన్ని క్యూసెక్కులో లెక్క కట్టడం

శేషాచలం నుంచి దిగే వంకలు చాలావరకు వేసవికి ఎండిపోతాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో వాయుగుండం పడితే మాత్రం గంటల్లో పొంగుతాయి. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగిన తీరు తిరుపతిలో అందరికీ గుర్తే. అంత వరదను చేత్తో కొలవలేం. మామూలు రోజుల్లో కొలిచి పెట్టుకుంటే, వాన రోజున గట్టుమీద నుంచి మట్టం చూసి ప్రవాహం చెప్పొచ్చు.

చోటు ఎంపికలోనే సగం పని ఉంది. ఇరవై మీటర్లు వంపు లేకుండా సాగే పాయ చూడండి. దిగువన చెక్‌డ్యామ్ ఉంటే నీళ్లు వెనక్కి తన్ని మట్టం ఉత్తినే పెరుగుతుంది. గుండ్ల మధ్య సుడులు తిరిగే చోటూ పనికిరాదు. రిజర్వు అడవిలోకైతే అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లొద్దు.

గట్టు నుంచి గట్టుకు తాడు బిగించి, అర మీటరుకొకసారి కర్రతో లోతు చూడండి. కర్ర నిటారుగా ఉండాలి. వడికి కర్రమీద ఎగబాకిన నీటిని లెక్కలోకి తీసుకోవద్దు. పాయ మొదట్లో, చివర్లో రెండుచోట్లా ఇలా చూసి సగటు తీయాలి.

వేగానికి బత్తాయి పండు చాలు. చాలావరకు మునిగి తేలుతుంది కాబట్టి గాలికి కొట్టుకుపోదు. ఖాళీ సీసా పోతుంది. పాయ మొదట్లో, చివర్లో ఒక్కో గుర్తు పెట్టి, మొదటి గుర్తుకు మూడు మీటర్ల ఎగువన వేయండి, గుర్తు చేరేసరికి నీటి వేగం అందుకుంటుంది. నడుమ, రెండు పక్కలా మూడేసి సార్లు వేసి, రెండు గుర్తుల మధ్య పట్టిన సగటు సమయం తీసుకోండి.

పైనీళ్ల వేగం అసలు వేగం కాదు, అడుగు నీళ్లు రాళ్లకు రాసుకుని నెమ్మదిస్తాయి. ఇసుక అడుగైతే 0.85తో, లోతు తక్కువై గులకరాళ్లుంటే 0.7తో గుణించాలి. అందరూ మరిచేది ఇదే. వెడల్పు 4 మీటర్లు, సగటు లోతు 0.35 అయితే వైశాల్యం 1.4 చదరపు మీటర్లు. 20 మీటర్లకు 25 సెకన్లు పడితే వేగం 0.8, రాళ్ల అడుగుకు 0.56. వైశాల్యాన్ని వేగంతో గుణిస్తే ప్రవాహం సెకనుకు 0.78 ఘనపు మీటర్లు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు, ఘనపు మీటరుకు 35.3 ఘనపు అడుగులు; అందుకే 35.3తో గుణిస్తే సుమారు 28 క్యూసెక్కులు.

కొలిచిన ప్రతిసారీ అప్పటి మట్టం కూడా రాసుకోవాలి. అందుకు వంతెన స్తంభానికో కదలని బండకో సెంటీమీటర్ల గుర్తులతో గేజీ పెట్టండి. సున్నా వంక అడుగు కంటే కిందే ఉండాలి, లేదంటే ఇసుక కోసుకుపోయిన ఏడాది మైనస్ అంకెలు రాయాల్సి వస్తుంది. వేర్వేరు మట్టాల్లో ఎనిమిది పది కొలతలు వచ్చాక మట్టానికీ ప్రవాహానికీ గ్రాఫు గీయండి. మీరు కొలిచిన గరిష్ఠ మట్టం దాటాక ఆ గీతను పొడిగించి చెప్పే అంకె వట్టి ఊహ. వరద వచ్చి పోయినా, ఎవరైనా ఇసుక తోడినా అడుగు మారిపోయి పాత గ్రాఫు చెల్లదు. మళ్లీ లోతులు చూడాల్సిందే.

మామూలప్పుడు ఉదయం 8:30కి ఒక్కసారి గేజీ చదివితే చాలు, వాన కొలిచే 24 గంటల లెక్క కూడా అప్పుడే ముగుస్తుంది. వాన పట్టాక గంటకోసారి. నీరు మోకాలు దాటినా, సెకనుకు మీటరు వేగం దాటినా దిగొద్దు. కొండమీద వాన పడుతుండగానే మట్టం ఉన్నట్టుండి తగ్గితే సంతోషించకండి: ఎగువన చెట్లో మట్టో అడ్డుపడి ఉండొచ్చు, అది తెగితే నీళ్లన్నీ ఒక్కసారే వస్తాయి. వెంటనే గట్టెక్కి దిగువ వాళ్లకు ఫోన్ చేయండి.