అప్‌గ్రేడ్ తర్వాత గ్రెప్ ఎగ్జిట్ కోడ్ తిరగబడితే

మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు అనుకుందాం. కాటా దగ్గరి కంప్యూటర్ లారీకొక ఫైల్ రాస్తుంది: బస్తాలు, తూకం, చివర్న ‘మొత్తం’ అనే లైను. ఆ లైను లేదంటే తూకం మధ్యలో ఆగినట్టే. రాత్రి క్రాన్‌లో (చెప్పిన వేళకు పనులను తానే నడిపే ఏర్పాటు) నడిచే స్క్రిప్టు, ఆ లైను లేని ఫైళ్లను గ్రెప్‌కు (ఫైళ్లలో పదాలు వెతికే లినక్స్ కమాండ్) మైనస్ పెద్ద ఎల్ ఆప్షన్ (వెతికిన లైను లేని ఫైళ్ల పేర్లు ప్రింట్ చేసేది) ఇచ్చి వెతుకుతుంది. ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిశాక తిరిగిచ్చే నంబరు) 0 వస్తే పంపడం ఆపుతుంది, 1 వస్తే లెక్కను ఆఫీసుకు పంపుతుంది. ఉబుంటు (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) 20.04 వెర్షన్‌లో ఏ గొడవా లేదు. 22.04కు మార్చాక ఒక రోజు సరిగ్గా, ఒక రోజు తలకిందులుగా నడుస్తోంది.

స్క్రిప్టులో ఒక్క అక్షరం మారలేదు, గ్రెప్ మారింది. గ్రెప్ వెర్షన్ 3.1 వరకు ఈ ఆప్షన్‌కు 0 అంటే ‘వెతికిన లైను దొరికింది’ అని. 2018లో వచ్చిన 3.2 నుంచి ‘ఫైల్ పేరు ప్రింట్ అయింది’ అని అర్థం మార్చారు. దాంతో పాత స్క్రిప్టులు ఇబ్బంది పడటంతో 2020లో 3.5లో మళ్లీ పాత అర్థానికే వచ్చారు. ఉబుంటు 18.04లో ఉన్నది 3.1, 20.04లో 3.4, 22.04లో 3.7. అంటే సరిగ్గా 20.04 మీద రాసిన స్క్రిప్టులే దెబ్బతింటాయి.

మరి రోజుకో తీరు ఎందుకు? ఫైళ్లన్నీ పూర్తిగా ఉన్న రోజు 3.4 ఇచ్చేది 1, 3.7 ఇచ్చేది 0. అన్నిట్లోనూ లైను లేకపోతే 3.4లో 0, 3.7లో 1. కొన్ని పూర్తిగా, కొన్ని సగంలో ఉంటే మాత్రం రెండింటిలోనూ 0. యాసంగి వడ్లు దిగే రోజుల్లో లారీలు ఎక్కువ, ఫైళ్లు కలగలిసి ఉంటాయి కాబట్టి తేడా బయటపడదు. రెండు లారీలే వచ్చిన రోజు బయటపడుతుంది. ‘అప్పుడప్పుడు వస్తోంది’ అని నెట్‌వర్క్ మీదో డిస్క్ మీదో అనుమానపడి వారం పోగొట్టుకునేది ఇక్కడే.

పట్టుకోవడం ఇలా. కమాండ్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నా, టెర్మినల్‌లో మామూలు అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు ఏ గ్రెప్ నడుస్తోందో చూడండి. బ్యాష్ షెల్‌లో ‘టైప్ -ఏ గ్రెప్’ కొడితే దారిలో ఉన్నవన్నీ కనిపిస్తాయి, ‘గ్రెప్ --వెర్షన్’ నంబరు చెబుతుంది. క్రాన్‌కు పాత్ (కమాండ్లను వెతికే ఫోల్డర్ల వరుస) వేరు కాబట్టి ఈ రెండు లైన్లనూ స్క్రిప్టులోనే పెట్టి లాగ్‌లోకి రాయించండి. చేత్తో నడిపినప్పుడు ఒకటి, క్రాన్‌లో మరొకటి నడవడం చాలా మామూలు.

తర్వాత రెండు చిన్న ఫైళ్లు చేయండి, ఒకదానిలో ‘మొత్తం’ ఉండాలి, రెండోదానిలో ఉండకూడదు. మొదటిది ఒక్కటే, రెండోది ఒక్కటే, రెండూ కలిపి, ఇలా మూడుసార్లు నడిపి కోడ్ రాసుకోండి. పాత మెషీన్ లేకపోతే డాకర్‌లో (వేరే సిస్టమ్‌ను అదే మెషీన్‌లో విడిగా నడిపే సాధనం) ఉబుంటు 20.04 ఇమేజ్ తెచ్చుకుంటే చాలు. కోడ్‌ను కమాండ్ అయిన వెంటనే $? (చివరి కమాండ్ ఎగ్జిట్ కోడ్ ఉండే చోటు) నుంచి ఒక వేరియబుల్‌లోకి తీసుకోవాలి. మధ్యలో ఒక్క ఎకో వేసినా $? లో ఎకో కోడే ఉంటుంది. గ్రెప్ తర్వాత పైపు పెట్టి టీ కమాండ్‌కు (తెర మీదా ఫైల్‌లోనూ రాసేది) పంపితే చేతికొచ్చేది టీ కోడ్. బ్యాష్‌లో పైప్‌ఫెయిల్ (పైపులో ఏ కమాండ్ తప్పినా ఆ కోడ్ ఇచ్చే సెట్టింగ్) పెట్టుకోవచ్చు. 22.04లో ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే వేరే షెల్, దానికి పైప్‌ఫెయిల్ తెలియదు, ఆ లైను దగ్గరే ఆగిపోతుంది.

దిద్దేటప్పుడు వెర్షన్ చూసి ఇఫ్ పెట్టే పని చేయకండి, రేపు ఇంకో అప్‌గ్రేడ్‌కు మళ్లీ ఇదే కథ. ఒక్కో ఫైల్‌కూ విడిగా మైనస్ చిన్న క్యూ ఆప్షన్‌తో (ఏమీ ప్రింట్ చేయకుండా కోడ్ మాత్రమే ఇస్తుంది) గ్రెప్ నడిపి, కేస్‌లో మూడు దారులు పెట్టండి. 0 అయితే లైను ఉంది, 1 అయితే లేదు, మిగతా ఏదైనా తప్పు జరిగినట్టు. ఈ అర్థాలు పై వెర్షన్లన్నిటిలోనూ ఒక్కటే. 1నీ 2నీ కలిపి ఎల్స్‌లో పడేయడం పెద్ద పొరపాటు. చదవలేని ఫైల్‌కు వచ్చేది 2. లారీలు రాని సెలవు రోజు కూడా అంతే: ఫైళ్లు లేకపోతే షెల్ (కమాండ్లను నడిపే ప్రోగ్రాం), ‘ఫైళ్లన్నీ’ అని చెప్పడానికి రాసిన నక్షత్రం గుర్తునే ఫైల్ పేరుగా అందిస్తుంది, గ్రెప్ 2 ఇస్తుంది. కాబట్టి ఫైళ్లు ఉన్నాయా లేదా అన్నది ముందే చూసుకోవాలి.

కోడ్ పోయే చోటు ఇంకొకటి: ఫంక్షన్‌లో లోకల్ అని వేరియబుల్‌ను ప్రకటిస్తూ కమాండ్ ఫలితాన్ని అదే లైనులో ఇస్తే, కోడ్ లోకల్‌ది అవుతుంది, అది ఎప్పుడూ 0. లోకల్ ఒక లైను, ఫలితం తర్వాతి లైను.

చివరగా 2 వచ్చే దారిని పరీక్షించేటప్పుడు సీహెచ్‌మోడ్ 000 (ఫైల్‌కు అనుమతులన్నీ తీసేసే కమాండ్) పెట్టి చూస్తారు చాలామంది. రూట్‌గా (అన్ని అధికారాలున్న అడ్మిన్ ఖాతాతో) నడిపితే ఆ ఫైల్ కూడా హాయిగా తెరుచుకుంటుంది, 2 రాదు. లేని ఫైల్ పేరు ఇచ్చి చూడండి.