పరిహారం రసీదుపై రాయాల్సిన ఒక్క వాక్యం

కాలువకో రిజర్వాయరుకో భూమి పోయి, పరిహారం తక్కువ కట్టారనిపిస్తే డబ్బు వద్దని తిరిగి రావలసిన పనిలేదు. సంతకం పెట్టే ముందు రసీదు మీద ‘ఈ మొత్తం సరిపోదన్న అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని స్వయంగా రాసి, తేదీ వేయండి. కార్యాలయాల్లో దీన్నే ‘అండర్ ప్రొటెస్ట్’ అంటారు. ప్రొటెస్ట్ అనగానే మనకు ధర్నాలు, జెండాలు గుర్తొస్తాయి గానీ, లాటిన్ మూలంలో ఆ మాటకు నలుగురి ముందూ సాక్ష్యం పలకడమని అర్థం. 1529లో జర్మనీలోని స్పయర్ సభలో క్రైస్తవ మత సంస్కర్త లూథర్ పక్షపు పాలకులు ఇచ్చిన ‘ప్రొటెస్టేషన్’ కూడా అలాంటి ప్రకటనే. ప్రొటెస్టెంట్లన్న పేరు అక్కడి నుంచే వచ్చింది.

2013 భూసేకరణ చట్టం 77వ సెక్షన్ ఈ విషయంలో నిక్కచ్చిగా ఉంది. అభ్యంతరం తెలపకుండా డబ్బు తీసుకున్నవారికి, పరిహారం పెంచమని 64వ సెక్షన్ కింద దరఖాస్తు చేసే హక్కు ఉండదు. కౌంటరు దగ్గర ఎంత గొంతు చించుకున్నా తర్వాత రుజువు చేయడం కష్టం. అందుకే ఆ కాగితాన్ని అక్కడికక్కడే ఫోనులో ఫొటో తీసుకోండి. అచ్చు రసీదులో ‘పూర్తి సమ్మతితో’ లాంటి మాట ఉందేమో కూడా చదవండి; తొందరపెడతారు, పెట్టనివ్వండి. ఉంటే కొట్టేసి పక్కన పొట్టి సంతకం చేయండి.

రేటుకు ఒప్పుకుంటూ ముందే ఒప్పంద పత్రం రాసిచ్చినవారిని మాత్రం ఈ వాక్యం పెద్దగా ఆదుకోదు. మిగతావారు గడువు చూసుకోవాలి: అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే కలెక్టరు ఉత్తర్వు, ప్రకటించినప్పుడు మీరు అక్కడ ఉంటే ఆ తేదీ నుంచి ఆరు వారాల్లోగా, కారణాలతో కలెక్టరుకు దరఖాస్తు ఇవ్వాలి.