నోటీసు చదవడం నేర్చుకుందాం – మూడవ పాఠం: బొమ్మ పెట్టినందుకు కంపెనీ పంపిన నోటీసు

గడచిన పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. ఇంటికి వచ్చిన కవరులో ఉన్నది కోర్టు సమనా, వకీలు నోటీసా అని గుర్తుపట్టమన్నాను. సమను మీద కోర్టు ముద్ర, దావా నంబరు, హాజరు కావలసిన వాయిదా తేదీ ఉంటాయి. వకీలు నోటీసు మీద ఆ మూడూ ఉండవు. వకీలు గారి పేరు అచ్చయిన కాగితం, "నా కక్షిదారు సూచనల మేరకు" అన్న ఆరంభం, "ఇన్ని రోజులలోగా" అన్న ముగింపు ఉంటాయి. సమను అందుకొని హాజరు కాకపోతే కోర్టు మీ పరోక్షంలోనే తీర్పు చెప్పవచ్చు. పరువు నష్టం గురించి వచ్చిన వకీలు నోటీసులోని గడువు మాత్రం పంపినవారు పెట్టినదే గాని చట్టం పెట్టినది కాదు. చెల్లని చెక్కు మీద వచ్చే నోటీసు సంగతి వేరు, దానికి 15 రోజుల గడువును చట్టమే పెట్టింది; ఈ రెంటినీ కలగాపులగం చేసుకోవద్దు.

ఈ పాఠానికి ఒక ఉదాహరణ అల్లాను. మొగల్తూరు వైపు ఒక రైతు నాలుగు ఎకరాల చెరువు కౌలుకు తీసుకొని వెనామీ రొయ్య వేశాడనుకుందాం. 60వ రోజున రొయ్యలు చచ్చి గట్టు వెంట తేలాయి. మేత మీద అనుమానం కలిగి, బస్తాను ఫొటో తీసి, కంపెనీ గుర్తులో రొయ్య ఉన్న చోట పుర్రెను అతికించి, కింద "ఈ మేతలో విషం కలిపారు" అని రాసి, రొయ్య రైతుల వాట్సాప్ గ్రూపులోను, ఫేస్‌బుక్‌లోను పెట్టాడు. మరునాడు కంపెనీ ఏరియా మేనేజరు తలను రాబందు మొండేనికి అతికించిన రెండవ బొమ్మ పెట్టాడు. ఆ రాత్రి అతని మేనల్లుడు, కంపెనీ ప్రకటనలో నటించిన అమ్మాయి ముఖాన్ని నగ్న శరీరానికి అతికించి మూడవది పెట్టాడు. పది రోజులకు నోటీసు వచ్చింది: బొమ్మలు 7 రోజులలోగా తీసివేయాలి, క్షమాపణ ప్రకటించాలి, 5 కోట్ల రూపాయల నష్టపరిహారం చెల్లించాలి, లేనిచో సివిలు, క్రిమినలు చర్యలు తప్పవు.

ఇటువంటి నోటీసు చేతికి రాగానే మనిషికి రెండు తొందరలు పుడతాయి. అన్నీ తుడిచేయాలనిపించడం మొదటిది, రాత్రికి రాత్రే క్షమాపణ రాసి పంపాలనిపించడం రెండవది. నేను డెల్టాలోని ఒక కోర్టు ఊరిలో వకీలు గుమాస్తాగా పనిచేసిన రోజులలో, భయపడి "నేను చేసినదంతా తప్పే" అని ఒక కక్షిదారు రాసిచ్చిన కాగితం తరువాత దావాలో అతని మీదనే సాక్ష్యంగా దాఖలైంది. అందులో అతను ఒప్పుకొన్న వాటిలో సగం అతను చేసినవే కావు. ఆ కాగితం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ పాఠాలు రాయడానికి అదొక కారణం.

కాబట్టి ముందు భద్రపరచండి. పెట్టిన బొమ్మ, పెట్టిన తేదీ, లింకు, కింద ఎవరెవరు ఏమన్నారో అన్నీ స్క్రీన్‌షాట్లుగా దాచండి. మేత బిల్లు, బస్తా మీది బ్యాచి నంబరు, మిగిలిన మేత, పరీక్షశాల ఇచ్చిన కాగితం ఒక సంచిలో పెట్టండి. ఫోనులోని దానిని కోర్టులో చూపాలంటే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం జతచేయవలసి ఉంటుంది గనుక, ఆ ఫోనును అమ్మవద్దు, మార్చవద్దు. మూడవ బొమ్మను మాత్రం దాచే పేరుతో ఇంకెవరికీ పంపవద్దు. నోటీసుకు జతపరచిన నకలు చాలు.

ఇక పెన్సిలు పట్టుకొని నోటీసు చదవండి. ప్రతి పేరా పక్కన మూడు ప్రశ్నలలో ఏది వర్తిస్తుందో రాయండి: ఏ మాట? ఏ గుర్తు? ఎవరి ముఖం? కంపెనీ నోటీసులు ఈ మూడింటినీ ఒకే గంపలో వేసి, చివర పెద్ద మొత్తం ఒకటి కోరతాయి. విడదీసి చూస్తే ఒక్కొక్క దానికి చట్టం వేరు, జవాబు వేరు.

మాటతో మొదలుపెడదాం, ఎందుకంటే అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను పరువు నష్టాన్ని నేరంగా చెబుతుంది. రెండేళ్ల వరకు సాధారణ ఖైదు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ శిక్షగా పడవచ్చు. కంపెనీకి కూడా పరువు ఉంటుందని ఆ సెక్షను వివరణలోనే ఉంది. గ్రూపులో పెట్టినా అది ప్రచురణే, ఇతరులు చూశారు గనుక. అయితే పుర్రె బొమ్మ చూసినవాడు దానిని ఒక రైతు కోపంగా తీసుకుంటాడు. "విషం కలిపారు" అన్న వాక్యం చదివినవాడు మాత్రం, ఎవరో తెలిసి తెలిసి విషం కలిపారన్న సంగతిగా తీసుకుంటాడు. సివిలు దావాలో నిజం పూర్తి రక్షణ, కాని దానిని రుజువు చేయవలసినవాడు ఆ మాట అన్నవాడే. క్రిమినలు కేసులో నిజంతో పాటు అది ప్రజల మేలు కోసం అన్నదని కూడా చూపాలి. రొయ్య తెల్లమచ్చ వైరస్‌తోనూ చస్తుంది, రాత్రివేళ నీటిలో ప్రాణవాయువు తగ్గినా చస్తుంది. పరీక్షశాల కాగితం చేతిలో లేకుండా "కలిపారు" అనడమంటే, చెరువు నష్టం మీద మరో నష్టాన్ని కొనితెచ్చుకోవడమే.

అదే రైతు ఇలా రాసి ఉండవచ్చు: "ఫలానా తేదీ నుండి ఈ బ్యాచి మేత వేశాను. 60వ రోజున రొయ్య చచ్చింది. మేత నమూనాను పరీక్షకు పంపాను. కంపెనీవారిని అడిగితే జవాబు లేదు." ఇందులోని ప్రతి ముక్కకూ అతని దగ్గర కాగితం ఉంటుంది. పైన పుర్రె ఉన్నా సరే, ఈ నాలుగు వాక్యాల మీద దావా నిలబెట్టడం ఎంత కష్టమో, "విషం కలిపారు" అన్న ఒక్క వాక్యం మీద నిలబెట్టడం అంత సులువు.

ఇప్పుడు గుర్తు సంగతి. కంపెనీ గుర్తును వికారంగా మార్చి విమర్శించడం దానంతట అదే తప్పు కాదని చెప్పడానికి, మన సముద్ర తీరానికి దగ్గరి విషయమైన ఒక తీర్పు ఉంది. కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలండ్ ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లను మీరు ఎరుగుదురు. ఒడిశాలో అప్పట్లో టాటాలకు భాగం ఉన్న ధామ్రా ఓడరేవు వల్ల ఈ జాతి తాబేళ్లకే హాని కలుగుతుందని గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ ఒక ఆటను ఇంటర్నెట్‌లో పెట్టింది. అందులో తాబేలును వెంటాడే రాక్షసులకు టాటా గుర్తు తగిలించారు. టాటా సన్స్ 10 కోట్ల రూపాయల నష్టపరిహారం కోరుతూ దావా వేసి, ఆటను వెంటనే ఆపించాలని ఢిల్లీ హైకోర్టును అడిగింది. 2011 జనవరిలో ఆ కోర్టు మధ్యంతర ఇంజంక్షను, అంటే దావా తేలేవరకు ఆపివేయమనే ఉత్తర్వు, ఇవ్వడానికి నిరాకరించింది. ప్రజలకు సంబంధించిన విషయం మీద విమర్శ ఎంత ఘాటుగా ఉన్నా, విచారణకు ముందే దాని నోరు మూయించడానికి కోర్టులు తొందరపడకూడదన్నది ఆ తీర్పు సారం. 2005లో దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం కూడా, ఒక బీరు కంపెనీ గుర్తును జాతి వివక్ష మీద విమర్శగా మార్చి టీషర్టుల మీద అచ్చు వేసినవారి పక్షానే తీర్పు చెప్పింది. కంపెనీకి ఆర్థికంగా నష్టం కలిగే అవకాశం ఉందని రుజువు కాలేదని ఆ కోర్టు అన్నది. పరాయి దేశపు తీర్పు మన కోర్టును కట్టివేయదు, కాని వాదనలో చెప్పుకోవచ్చు.

మరి కంపెనీ నోటీసులలో ట్రేడ్‌మార్కు చట్టాన్ని అంత గట్టిగా ఎందుకు ఉటంకిస్తారు? 1999 నాటి ఆ చట్టం 134వ సెక్షను ప్రకారం, కంపెనీ తాను వ్యాపారం చేసే చోటనే దావా వేసుకునే వీలుంది. మొగల్తూరు రైతు దూరాన ఉన్న నగరపు కోర్టుకు వాయిదా వాయిదాకూ తిరగాలంటే, దావా గెలుపోటములకు ముందే అతను అలసిపోతాడు. నా అనుభవంలో బెదిరింపుకు అసలు బలం ఈ దూరంలోనే ఉంది. అయితే అదే చట్టం 142వ సెక్షను మరొక సంగతి కూడా చెబుతుంది: ఆధారం లేకుండా ట్రేడ్‌మార్కు దావా వేస్తామని బెదిరిస్తే, బెదిరింపుకు గురైనవాడే ఆ బెదిరింపులు ఆపించమని కోర్టుకు వెళ్లవచ్చు. కాపీరైటు చట్టం 60వ సెక్షనులోనూ అటువంటి రక్షణే ఉంది. కంపెనీ వెంటనే నిజంగా దావా వేస్తే ఈ దారి మూసుకుపోతుంది. జవాబులో ఈ రెండు సెక్షన్లను మర్యాదగా ప్రస్తావించండి, చాలు.

ముఖాల దగ్గర నా మాట మారుతుంది. మేనేజరు బొమ్మ విషయంలో అడగవలసినది ఒకటి: నోటీసు కంపెనీ తరఫున వచ్చిందా, మేనేజరు తరఫున కూడా వచ్చిందా? ఆయన పరువు ఆయనది, కంపెనీ ఆయన బదులు పరిహారం కోరలేదు. అయినా ఆ బొమ్మను తీసివేయమనే చెబుతాను. మేత తయారు చేసింది ఆయన కాదు. ఆయనకూ ఊరిలో పిల్లలున్నారు, బడి ఉంది, బజారు ఉంది.

మూడవ బొమ్మ విషయంలో చర్చ లేదు. ఈ పాఠం చదవడం ఆపి ముందు దానిని తీయించండి. సమాచార సాంకేతిక చట్టం 67వ సెక్షను ప్రకారం అశ్లీల చిత్రాన్ని ప్రచురించినా, పంపినా మొదటిసారికే మూడేళ్ల వరకు ఖైదు, 5 లక్షల వరకు జరిమానా పడవచ్చు. లైంగిక చర్యను చూపితే 67ఎ కింద అది ఐదేళ్లు, 10 లక్షలు. పరువు నష్టం కేసులో పోలీసులు తమంతట తాము కేసు కట్టలేరు, కంపెనీ మేజిస్ట్రేటు ఎదుట ఫిర్యాదు దాఖలు చేసుకోవాలి. ఇందులో అలా కాదు, ఆ అమ్మాయి స్టేషనుకు వెళితే నేరుగా కేసు కడతారు. ఆమెకు మన చెరువుతో ఏ సంబంధమూ లేదు. మేనల్లుడు చేత ఆమెకు విడిగా, షరతులు లేని క్షమాపణ రాయించండి, వకీలు గారికి చూపించి పంపండి.

జవాబు నోటీసు ఒక పేజీ దాటనవసరం లేదు. మన ఉదాహరణకు నమూనా ఇది: "తమ నోటీసు ఫలానా తేదీన అందినది. మొదటి బొమ్మలోని 'విషం కలిపారు' అన్న వాక్యమును, ఏ బాధ్యతను అంగీకరించకుండా, తొలగించి, నాకు స్వయముగా తెలిసిన వివరములను మాత్రమే ఉంచితిని. చిహ్నమును వ్యాపారమునకు గాక విమర్శకు మాత్రమే వాడితిని. రెండవ, మూడవ చిత్రములు తొలగింపబడినవి. బ్యాచి నంబరు ఫలానా మేతకు తమ కక్షిదారు చేయించిన నాణ్యతా పరీక్షల నకళ్లు పంపగోరెదను. పరిహారపు కోరిక నిరాధారము." చివరికి ముందున్న వాక్యం ముఖ్యం. అప్పటివరకు అడిగేది కంపెనీ, చెప్పేది రైతు. ఆ వాక్యంతో జవాబు చెప్పవలసిన వంతు కంపెనీది అవుతుంది.

5 కోట్ల అంకె గురించి ఎక్కువ ఆలోచించవద్దు. నోటీసులో ఎంత రాసినా ఖర్చు లేదు. దావా వేసేటప్పుడు మాత్రం అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు రుసుము కట్టాలి. పరువు నష్టం దావాకు ప్రచురణ నుండి ఏడాది గడువు ఉంటుంది. ఈలోగా కంపెనీ మీకు తెలియకుండా ఇంజంక్షను తెచ్చుకుంటుందన్న అనుమానముంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ సెక్షను కింద కేవియట్ దాఖలు చేయించండి. 90 రోజుల పాటు మీకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వడానికి వీలుండదు. ఏ కోర్టులో దావా పడవచ్చో ఆ కోర్టులోనే వేయాలి గనుక వకీలు సలహా తప్పదు. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు 15100 నంబరుకు ఫోను చేసి న్యాయ సేవాధికార సంస్థను అడగండి. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం దొరుకుతుంది.

అభ్యాసం: రాజోలు వైపు ఒక కొబ్బరి రైతు, తన ఊరి కాలువలో నురగ తేలుతున్న ఫొటో మీద ఒక ఫ్యాక్టరీ గుర్తును అతికించి, "మా పిల్లలను చంపుతున్న చేయి ఇదే" అని రాశాడనుకోండి. ఇందులో మాట ఏది, గుర్తు ఏది, ముఖం ఉన్నదా? ఆ వాక్యాన్ని, అతను తన కళ్లతో చూసినది మాత్రమే మిగిలేటట్టు తిరగరాయండి. నాలుగవ పాఠంలో మీ వాక్యాన్ని నా వాక్యంతో పోల్చుకొని, కాలువ నీటి నమూనాను ఎవరి చేత, ఎలా పరీక్ష చేయించాలో చూద్దాం.