స్కూబా పాఠాలు – 4: ఫిన్స్ ఎలా ఎంచుకోవాలి?

పోయిన పాఠంలో మాస్క్ చూశాం. ఇప్పుడు కాళ్ల సంగతి, అంటే నీళ్లలో ముందుకు తోసుకెళ్లడానికి పాదాలకు తొడుక్కునే తెడ్డుల్లాంటి ఫిన్స్.

నల్లగొండ, పాలమూరు వైపు చాలామందికి ఈత బాయిలోనే వచ్చింది. నడుముకి సొరకాయ బుర్రో, ఖాళీ డబ్బానో కట్టుకుని దూకినవాళ్లమే. ఆ ఈతలో సైకిల్ తొక్కినట్టు మోకాళ్లు బాగా వంగుతాయి. స్కూబాలో తన్ను తుంటి నుంచి రావాలి, మోకాలు కొద్దిగానే వంగాలి. పాత అలవాటుతోనే గట్టి, పొడుగు ఫిన్స్ వేసుకుంటే కాసేపటికే పిక్కలు పట్టేస్తాయి. నీళ్ల కింద పిక్క పట్టేస్తే టెన్షన్ వస్తుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, సిలిండర్‌లో గాలి తొందరగా అయిపోతుంది. అందుకే కాళ్లలో ఎంత బలమున్నా మొదటి జత మరీ గట్టిది వద్దు.

ఫుల్ ఫుట్ రకం పాదాన్నంతా కప్పేస్తుంది, తేలిక. అండమాన్, కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి లాంటి చోట్ల వెచ్చటి నీళ్లలో పడవ మీంచి దూకేవాళ్లకు అది చాలు. ఓపెన్ హీల్ రకానికి మడమ దగ్గర పట్టీ ఉంటుంది, లోపల బూటీలు, అంటే నీళ్లలో వేసుకునే మెత్తటి బూట్లు, వేసుకోవాలి. ఒడ్డున రాళ్ల మీద నడిచి దిగేటప్పుడు ఇదే మేలు. నన్నడిగితే ఓపెన్ హీల్, అందులోనూ స్ప్రింగ్ పట్టీ ఉన్నదే తీసుకోమంటాను. తడి చేతులతో కూడా ఒక్క లాగుతో ఎక్కుతుంది.

ముందు బూటీలు కొనండి, అవి వేసుకునే ఫిన్ తొడిగి చూడండి. కుర్చీలో కూర్చుని కాలు పైకెత్తి అటూ ఇటూ ఊపండి. పాదం లోపల జారకూడదు. వేళ్లు కదలాలి, కానీ ముందుకు నొక్కుకుపోకూడదు. పాదం పైభాగాన ఎక్కడైనా ఒత్తుతుంటే అక్కడే పక్కన పెట్టేయండి, నీళ్లలో అది ఇంకా సతాయిస్తుంది. కంపెనీని బట్టి సైజులు మారతాయి. చెప్పుల నంబర్ చూసి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టకండి. కోర్సులో అద్దెకిచ్చే ఫిన్స్‌లో కాలికి కుదిరినదాని మోడల్, సైజు రాసుకోవడం అన్నిటికంటే మంచి పద్ధతి.

మధ్యలో చీలిక ఉండే స్ప్లిట్ ఫిన్స్ మోకాళ్ల మీద భారం తగ్గిస్తాయి. అయితే కప్పలా కాళ్లు పక్కలకు చాపి తన్నడానికీ, వెనక్కి వెళ్లడానికీ అంతగా పనికిరావు. పూర్తి రబ్బరువి బరువెక్కువ. దేశంలో విమానాల్లో మామూలుగా 15 కిలోల లగేజీకే అనుమతి కాబట్టి అదీ లెక్కలోకి తీసుకోవాలి.

సాధన స్విమ్మింగ్ పూల్‌లోనే చేయండి. బాయి మెట్ల మీద ఫిన్స్‌తో ఎక్కడం ప్రమాదం. సాగర్ జలాశయంలో అసలే వద్దు. పూల్ అంచు పట్టుకుని, కాళ్లు చాపి, నెమ్మదిగా తన్నండి. తొడలు అలిస్తే తన్ను తుంటి నుంచే వస్తోంది. పిక్కలు లాగితే మోకాలు ఎక్కువ వంగుతోందేమో పక్కవాళ్లను చూడమనండి. మోకాలు సరిగ్గానే ఉండి కూడా లాగుతుంటే ఆ ఫిన్ మీ కాలికి గట్టిది, ఇంకాస్త మెత్తనిది చూడండి.