లాంగ్ఆర్మ్ ఫ్రేమ్: మెషిన్ బరువుగా కదులుతుంటే, భుజాలు పట్టేస్తుంటే

లాంగ్ఆర్మ్ మెషిన్ (ఫ్రేమ్‌కు బిగించిన బొంత మీద, పట్టాలపై తోస్తూ కుట్టే పెద్ద కుట్టుమెషిన్) తోయలేకపోతున్నామని, గంట కుట్టేసరికి భుజాలు లాగేస్తున్నాయని ఎవరు చెప్పినా నేను ముందు అడిగేది ఒకటే. ఫ్రేమ్ మీద బొంత లేనప్పుడు మెషిన్‌ను ఒకసారి తోసి చూశారా? చాలామంది చూసి ఉండరు. ఈలోపు చక్రాలు మాత్రం కొత్తవి తెప్పించేసి ఉంటారు.

దయచేసి ముందు ఈ పని చేయండి. ఇప్పటికే బొంత ఎక్కించి ఉంటే దించనక్కర్లేదు. మెషిన్ ఆపి, సూది పైకి లేపి, కుట్టిన భాగం చుట్టుకునే టేకప్ రోలర్‌ను రెండు వైపులా ఒక నిమిషం ఎత్తి పట్టుకోమని ఇంకొకరిద్దరికి చెప్పి తోయండి. అప్పుడు తేలిగ్గా కదిలితే చక్రాల్లో లోపం లేదు, బొంత ఎక్కడో రాసుకుంటోంది. అప్పటికీ బరువుగానే ఉంటే చక్రాలు, పట్టాలు, కరెంటు వైరు చూడాలి.

ఖాళీగా ఉన్నా బరువే

చక్రాల ఇరుసుకు దారం పోగులు చుట్టుకుని ఉంటాయి, పట్టాల మీద దూది నూగు పేరుకుని ఉంటుంది. రెండూ తుడిచేయండి. ప్రతిసారీ ఒకేచోట చిన్న కుదుపు వస్తుంటే ఆ చోట పట్టా అతుకును వేలితో తడిమి చూడండి. వైరు ఫ్రేమ్ కాలికి తగులుకుని వెనక్కి లాగుతుండటం కూడా మామూలే.

మొదట తేలిక, సగం అయ్యాక బరువు

అసలు చెప్పాల్సింది ఇదే, ఎందుకంటే దీంతో నేను చాలా ఇబ్బంది పడ్డాను. పెద్ద మంచానికి సరిపడే బొంత ఎక్కించాను. మొదటి రెండు వరసలు మెషిన్ వెన్నలా కదిలింది. నాలుగో వరసకు కుడి భుజం పట్టేసింది, గుండ్రటి గీతలు కోలగా వస్తున్నాయి. అలసిపోయాననుకున్నాను. మర్నాడూ అంతే. చక్రాలు విప్పి కడిగాను, ఫ్రేమ్ మట్టం మళ్లీ సరిచేశాను, హ్యాండిల్ కోణం మార్చాను. ఏదీ పని చేయలేదు. చివరికి రోలర్ కింద చెయ్యి పెడితే దూరలేదు.

జరిగేది ఇది. కుట్టిన భాగం టేకప్ రోలర్‌కు చుట్టుకుంటున్నకొద్దీ ఆ చుట్ట లావెక్కుతుంది. మూడు పొరల గుడ్డ కదా, మందపాటి దూది పొర వాడితే ఇంకా త్వరగా లావవుతుంది. రోలర్ ఎత్తు మాత్రం మారదు కాబట్టి చుట్ట అడుగు మెల్లగా మెషిన్ బెడ్ (బొంత కింద ఉండే మెషిన్ భాగం) మీదికి దిగుతుంది. గుడ్డ రోలర్ కింది నుంచి చుట్టుకునే ఫ్రేముల్లో కుట్టే భాగం కూడా దాంతోపాటే కిందికి దిగి బెడ్‌ను ఒత్తుతుంది. ఇక మీరు తోసేది మెషిన్‌ను మాత్రమే కాదు, ఆ రాపిడిని కూడా. ఇది ఒక్కసారిగా రాదు, వరసకు కొంచెం చొప్పున పెరుగుతుంది. అందుకే మనకు తెలియదు.

పరిష్కారం సులువు. బొంత ముందుకు చుట్టిన ప్రతిసారీ మెషిన్‌ను చుట్ట కిందికి తీసుకొచ్చి, చుట్టకూ బెడ్‌కూ మధ్య చూపుడు వేలు పెట్టండి. వేలు రాపిడి లేకుండా దూరాలి. దూరకపోతే రెండు వైపులా సమానంగా టేకప్ రోలర్‌ను ఒక మెట్టు లేపండి. కొలత చివర్లలో కాదు, నడి మధ్యలో తీసుకోండి. పొడవాటి రోలర్ బరువుకు మధ్యలో కాస్త వంగుతుంది, అంచుల్లో ఖాళీ కనిపిస్తున్నా మధ్యలో రాసుకుంటూనే ఉంటుంది. నన్ను రెండోసారి మోసం చేసింది ఈ వంపే.

అలాగని మరీ ఎత్తేయకండి. సూది దగ్గర బొంత బెడ్‌కు దూరంగా తేలుతుంటే గుడ్డ సూదితో పాటు ఎగిరి కుట్లు తప్పిపోతాయి, దారం తెగుతుంది. ఎత్తు మార్చాక ఒక పక్కన నాలుగు అంగుళాలు కుట్టి చూసి అప్పుడు ముందుకు వెళ్లండి. గుడ్డ ఎత్తును స్థిరంగా ఉంచే అదనపు కడ్డీ ఉన్న ఫ్రేముల్లో సూది దగ్గర సమస్య రాదు కానీ, చుట్ట కింద ఖాళీ మాత్రం చూసుకోవాల్సిందే.

ఈ పని చేస్తున్నప్పుడే బొంత టెన్షన్ (బిగువు) కూడా చూడండి. బొంతను డోలులా బిగించేవాళ్లు చాలామంది ఉన్నారు. కింది నుంచి వేలితో పైకి పొడిచి, పైనుంచి రెండో చేత్తో ఆ వేలిని పట్టుకోగలగాలి. పట్టుకోలేకపోతే రాచెట్ (రోలర్ వెనక్కి తిరగకుండా ఆపే పళ్ల చక్రం) ఒక పన్ను వదలండి. బొంత పక్క అంచులను పట్టి ఉంచే క్లాంపులు గుడ్డను పైకి లాగినా, కిందికి లాగినా మెషిన్ అంచుల్లో ఆగుతుంది, అవి బొంతతో సమంగా ఉండాలి.

మెడ, నడుము నొప్పి

ఇది ఫ్రేమ్ ఎత్తు. కుట్టేటప్పుడు వేసుకునే చెప్పులతో, కాళ్ల కింద వేసుకునే మ్యాట్ మీదే నిలబడి కొలవండి. మ్యాట్ తర్వాత కొంటే కొలత మళ్లీ తీసుకోవాలి. భుజాలు వదులుగా ఉంచి మోచేయి సుమారు 90 డిగ్రీలు వంచినప్పుడు హ్యాండిల్ చేతికి అందాలి, సూది చూడటానికి నడుము వంచాల్సిన పని ఉండకూడదు. మెషిన్ మీకు దగ్గరగా ఉన్నప్పుడు ఒకసారి, దూరంగా తోసినప్పుడు ఒకసారి చూడండి. దగ్గర బాగుండి, దూరంలో భుజం పైకి లేస్తుంటే ఫ్రేమ్ ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు. చిన్న చిన్న డిజైన్లు ఎక్కువసేపు కుట్టేవాళ్లు ఎత్తైన స్టూలు మీద కూర్చుంటే ఎత్తు మళ్లీ వేరే.

కాళ్లు సరిచేసేటప్పుడు మెషిన్‌ను మధ్యలో ఆపి, జారకుండా కట్టేసి, ఇద్దరు కలిసి చేయండి. ఒక్కో చివర ఒక్కో రంధ్రం చొప్పున లేపండి.

మెషిన్ దానంతట అదే జారుతోంది

ఎత్తు మార్చాక మట్టం చూడకపోవడం వల్ల. స్పిరిట్ లెవెల్ పొడవునా, అడ్డంగా రెండు దిక్కులా పెట్టండి. తర్వాత మెషిన్‌ను ఎడమ, మధ్య, కుడి చోట్ల వదిలి చూడండి. మూడుచోట్లా నిలబడాలి. రెండు చివరల నుంచీ మధ్యలోకే వస్తుంటే ఫ్రేమ్ నడుమ దిగింది, మధ్య కాలి స్క్రూ పైకి తిప్పండి.

వంగిన పట్టా, పగిలిన బేరింగ్ లాంటివి చాలా అరుదు. పైవన్నీ చూశాక కూడా ఖాళీ మెషిన్ పట్టేస్తుంటేనే వాటి జోలికి వెళ్లండి.